కొండ తవ్వక ముందే తేలాల్సిన లెక్క

(ఎస్.ఆర్. శంకరన్ స్మారక ఉపన్యాసం)



శంకరన్ గారి పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చేవి వెట్టిచాకిరి నిర్మూలన, దళిత గిరిజన విద్యార్థుల హాస్టళ్లు, పేదలకు భూమి. ఒంటరిగా, నిరాడంబరంగా బతికి, జీతంలో ఎక్కువ భాగం పేద పిల్లల చదువులకు ఇచ్చేసిన ఐఏఎస్ అధికారి ఆయన. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 1987లో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయన్నీ తోటి అధికారులనూ బందీలుగా పట్టుకెళ్లారు. విడుదలై వచ్చాక కూడా ఆ అడవుల్లో ఉండే మనుషుల పట్ల ఆయన చూపు మారలేదు. ఉద్యోగ విరమణ తర్వాత పౌర స్పందన వేదిక తరఫున అటు ప్రభుత్వ హింసనూ ఇటు నక్సలైట్ల హింసనూ ప్రశ్నించారు. 2004 చర్చలకు దారి వేసినవారిలో ఆయన ముందున్నారు. ఇవన్నీ మనం తరచు చెప్పుకునేవే. అంతగా చెప్పుకోనిది ఇంకొకటుంది. 1970ల మొదట్లో కేంద్ర ఉక్కు, గనుల మంత్రి మోహన్ కుమారమంగళం దగ్గర ఆయన ప్రత్యేక సహాయకుడిగా పనిచేశారు. బొగ్గు గనుల జాతీయీకరణ జరిగిన రోజులవి. గనిని ఢిల్లీ ఫైలు వైపు నుంచీ, ఏజెన్సీ గూడెం వైపు నుంచీ చూసిన అధికారులు మనకు అరుదు. అందుకే ఈ ఉపన్యాసానికి ఒక ఇనుప ఖనిజపు కొండను విషయంగా ఎంచుకున్నాను. ఆ కొండ మన రాష్ట్రాల్లో లేదు. కానీ దాన్ని తవ్వే సంస్థ ప్రధాన కార్యాలయం ఈ హైదరాబాదు నగరంలోనే, మాసబ్ ట్యాంక్‌లోని ఖనిజ్ భవన్‌లో ఉంది. దాని రైలు మన అరకు మీదుగా దిగుతుంది, దాని ఓడ మన విశాఖలో నిండుతుంది, మన విశాఖ ఉక్కు దాని ఖనిజంతో తయారవుతుంది. అదే బైలాడిలా.

1

బైలాడిలా కొండలు ఛత్తీస్‌గఢ్‌లో, దంతెవాడ జిల్లాలో ఉన్నాయి. మొన్న మొన్నటి దాకా అదంతా బస్తర్ జిల్లా. అడవి మధ్య ఉత్తర దక్షిణాలుగా లేచిన కొండవరస, శిఖరాలు 1,200 మీటర్ల పైచిలుకు ఎత్తు. వాటి మీద పధ్నాలుగు నిక్షేపాలను గుర్తించి అంకెలు వేశారు. ఈనాటికీ అక్కడి మనుషులు ‘ఐదో నంబరు’, ‘పధ్నాలుగో నంబరు’ అనే మాట్లాడుకుంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి.ఎన్. బోస్ పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఆ ఖనిజం సంగతి రాశారు. 1930ల్లో క్రూక్‌షాంక్ ఆ ప్రాంతమంతా తిరిగి పటం గీశారు. అంటే అక్కడ ఏముందో లోకానికి తెలిసి అరవై డెబ్బై ఏళ్లు గడిచాకే తవ్వకం మొదలైంది. ఖనిజం నాసిరకమని ఆగారా అంటే కాదు. నూటికి 65 పాళ్ల దాకా ఇనుమున్న హెమటైట్ అది, ప్రపంచంలో మేలు రకాల్లో ఒకటి. ఆగింది దారి లేక.

ఇక్కడ ఆర్థికశాస్త్రం చదువుతున్న పిల్లలు ఒక్క క్షణం ఆగాలి. బంగారం దొరికితే సంచిలో వేసుకుని అడవి దాటవచ్చు. ఇనుప ఖనిజం అలాంటి సరుకు కాదు. బరువెక్కువ, టన్ను ధర తక్కువ. ఏటా లక్షల టన్నులు కదిలితే తప్ప గిట్టదు. కొండ మీద ఉన్నంతకాలం దాని విలువ సున్నా. రైలు పట్టా, దాని చివర రేవు, ఆ రేవులోకి రాగల పెద్ద ఓడ, ఓడ చేరేచోట పదేళ్లు కొంటానని సంతకం చేసిన మిల్లు, ఈ నాలుగూ కుదిరిన రోజునే ఆ కొండ గని అవుతుంది. కాబట్టి మారుమూల ప్రాంతంలోని ఇనుప గని భవిష్యత్తు గునపం దిగిన నాడు తేలదు. పట్టా ఎటు వేయాలి, టన్నుకు ఎవరికెంత దక్కాలి, తవ్వమని ఎవరు చెప్పాలి అన్న మూడు విషయాలు కాగితం మీద తేలిననాడే తేలిపోతుంది. ఆ మూడూ మొదటి టన్ను కదలక ముందే, ఆ కొండ కింద ఉండేవాళ్ల ఎదుట తేలాలి. తర్వాత దిద్దుకుందాం అనుకుంటే దిద్దుబాటు ఎప్పుడూ ఖనిజం వెనకాలే నడుస్తుంది, దాన్ని అందుకోదు. ఈ సాయంత్రం నేను నిలబెట్టదలచిన వాదన ఇదొక్కటే. బైలాడిలా చరిత్రే దానికి సాక్ష్యం.

2

ముందు దారి సంగతి. యుద్ధంలో చితికిపోయిన జపాను 1950ల్లో ఉక్కు పరిశ్రమను తిరిగి కట్టుకుంటోంది. ఆ దేశానికి ఖనిజం లేదు. మనకు 1957 నాటికి విదేశీ మారకద్రవ్యం అడుగంటింది. రెండో ప్రణాళిక యంత్రాలకు డాలర్లు కావాలి. జపాను ఉక్కు మిల్లుల నిపుణులు బైలాడిలా దాకా వచ్చి చూశారు. 1958 నవంబరులో, ఆ కొండను తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ పుట్టింది. 1960లో ఒప్పందం కుదిరింది. బైలాడిలా నుంచి ఏటా 40 లక్షల టన్నులు, ఇప్పటి జార్ఖండ్‌లోని కిరిబురు నుంచి 20 లక్షల టన్నులు జపానుకు పంపాలి. దానికోసమే దండకారణ్య–బొలంగీర్–కిరిబురు రైల్వే ప్రాజెక్టు వచ్చింది. అందులో ఒక భాగమే మన కొత్తవలస–కిరండోల్ లైను. కె.కె. లైను అంటాం.

ఆ లైను ఇంజినీర్ల గొప్పతనాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం. దాదాపు 450 కిలోమీటర్లు, తూర్పు కనుమలను అడ్డంగా కోసుకుంటూ, సొరంగం వెంట సొరంగం, లోయ మీద వంతెన. సముద్ర మట్టం నుంచి బయలుదేరిన పట్టా శిమిలిగూడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. అప్పట్లో దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో అదే ఎత్తయినది. 1960ల నడుమ, ఇప్పటిలాంటి యంత్రాలు లేని రోజుల్లో, జ్వరాల మధ్య, కూలీల ప్రాణాలు పణంగా పెట్టి కట్టిన లైను అది. 1968లో పధ్నాలుగో నంబరు నిక్షేపం నుంచి ఉత్పత్తి మొదలైంది. 1976లో విశాఖ ఔటర్ హార్బర్ తెరిచాక లక్ష టన్నులు దాటిన ఓడలు నేరుగా రేవుకు వచ్చి నిలిచాయి. విశాఖ ఈనాటి విశాఖ కావడంలో ఆ ఖనిజానికి పెద్ద వాటా ఉంది. ఇక్కడున్న విశాఖ మిత్రులు ఒప్పుకుంటారు.

ఇప్పుడు పటం తీసి ఆ లైను ఎటు పోతుందో చూడండి. కొండ నుంచి సముద్రానికి పోతుంది. బస్తర్ ప్రజలకు పని ఉండేది రాయపూర్‌లో. జిల్లా కేంద్రం జగదల్‌పూర్ నుంచి రాయపూర్‌కు రోడ్డు మీద 300 కిలోమీటర్లు. ఆ రెండు ఊళ్ల మధ్య ఈనాటికీ నేరు రైలు మార్గం లేదు. రైల్లోనే వెళ్లాలంటే తూర్పున ఒడిశాలోకి దిగి చుట్టి రావాలి. రావ్‌ఘాట్ మీదుగా కలిపే లైను గురించి దశాబ్దాలుగా వింటున్నాం. ఉన్న లైను మీద ఏళ్ల తరబడి పగటి పూట నడిచింది ఒక్క పాసింజరు. విశాఖలో తెల్లవారి ఎక్కితే చీకటి పడ్డాక కిరండోల్. దారి పొడవునా దాన్ని పక్క లైనులో నిలబెట్టి ఖనిజపు ర్యాకులను ముందు వదులుతారు. దంతెవాడ సంతలో చింతపండు, ఇప్పపువ్వు, సాలు గింజలు అమ్ముకునే మనిషికి ఆ పట్టా తన ఊళ్లోంచే పోతున్నా, తన సరుకు తీసుకుపోయే బండి దాని మీద లేదు. తర్వాత ఇంకో అడుగు పడింది. కిరండోల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల స్లర్రీ గొట్టం వేశారు. పొడి ఖనిజం నీళ్లతో కలిసి భూమి లోపలే పారుతుంది. రైలుకైనా ఒక స్టేషను, ఒక టీ కొట్టు, ఇద్దరు పోర్టర్లు ఉంటారు. గొట్టం దారిలో ఏ ఊళ్లోనూ ఆగదు.

దారి ఇలాగే ఉండి తీరాలా? పశ్చిమాఫ్రికాలోని గినీ దేశంలో సిమాందూ అనే కొండవరస ఉంది. ఖనిజం బైలాడిలా లాగే 65 శాతం. అక్కడ 1997లో అన్వేషణ మొదలైంది. పొరుగున ఉన్న లైబీరియా మీదుగా అయితే సముద్రానికి దగ్గర దారి, ఖర్చూ తక్కువ. గినీ ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. లైను మా దేశం నడుమ నుంచి మా రేవుకే పోవాలి, మనుషులనూ ఇతర సరుకులనూ కూడా మోయాలి అన్నాయి. కంపెనీలు అది గిట్టదన్నాయి. చివరికి 600 కిలోమీటర్లకు పైబడిన లైను వాళ్లు కోరినట్టే పడింది, 2025 చివర్లో మొదటి సరుకు కదిలింది. గినీ రాజకీయాలను నేను ఆదర్శంగా చూపడం లేదు. లంచాల ఆరోపణలు, సైనిక తిరుగుబాట్లు అక్కడ బోలెడు. అంత బీద దేశం కూడా ఒక్క విషయంలో గట్టిగా నిలబడితే పట్టా దిశ మారిందన్నదే ఇక్కడ మనకు కావలసింది.

3

రెండోది వాటా. ఇక్కడ కొంచెం అంకెలు తప్పవు, ఓపిక పట్టండి.

1960ల్లో జపాను మిల్లులు ఒక్క మన దగ్గరికే రాలేదు. అదే దశకంలో పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరాకూ వెళ్లాయి. ఇనుప ఖనిజం ఎగుమతి మీద ఉన్న నిషేధాన్ని ఆస్ట్రేలియా 1960లో సడలించింది. 1966లో మౌంట్ టామ్ ప్రైస్ ఖనిజంతో మొదటి ఓడ కదిలింది. కొనేవాళ్లు వాళ్లే, కాలమూ అదే. కానీ అక్కడి రాష్ట్ర ప్రభుత్వం గడ్డ ఖనిజం మీద రాయల్టీని మొదటి ఒప్పందంలోనే ధరలో 7.5 శాతంగా రాసుకుంది. ధర పెరిగితే రాయల్టీ దానంతటదే పెరుగుతుంది. మనం టన్నుకు ఇన్ని రూపాయలని రాసుకున్నాం. ఆ తేడా ఎక్కడికి దారితీసిందో 2008లో బయటపడింది. ఆ ఏడాది విదేశీ మార్కెట్లో టన్ను ధర వంద డాలర్లు దాటింది. అంటే అప్పటి రేటులో నాలుగు వేల రూపాయల పైమాటే. అన్నింటికన్నా మేలైన, 65 శాతం దాటిన గడ్డ ఖనిజం మీద మన రాయల్టీ ఆ రోజు టన్నుకు 27 రూపాయలు. ధర మీద పది శాతం అన్న పద్ధతి 2009లో వచ్చింది, 15 శాతం 2014లో వచ్చింది. అంటే పధ్నాలుగో నంబరులో తవ్వకం మొదలైన 41 ఏళ్ల దాకా ఆ కొండ విలువకూ రాష్ట్రానికి ముట్టే డబ్బుకూ సంబంధమే లేదు.

పైగా ఆ 27 రూపాయలు వెళ్లింది రాష్ట్ర ఖజానాకు, దంతెవాడకు కాదు. జిల్లాకు ఇంత అని చట్టం మొదటిసారి చెప్పింది 2015లో, జిల్లా ఖనిజ నిధి పేరుతో. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం ఆ నిధికి చేరాలి. 15 శాతంలో 30 శాతం అంటే ఖనిజం విలువలో నాలుగున్నర శాతం. 2021 సవరణ ప్రకారం ప్రభుత్వ సంస్థల లీజులు పొడిగించినప్పుడు ఇనుప ఖనిజానికి రాయల్టీకి ఒకటిన్నర రెట్లు అదనంగా కట్టాలి. అదీ రాష్ట్రానికే. 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం రాయల్టీ పన్ను కాదని, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు చెప్పింది. మంచి తీర్పు. కానీ ఆ తగవు కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య. గ్రామం అందులో కక్షిదారు కాదు.

ఈ డబ్బుతో ఏమీ జరగలేదని నేను అనను. గీదం దగ్గర జావంగాలో విద్యానగరం కట్టారు, అందులో ఎన్‌ఎండీసీ డబ్బు ఉంది, అక్కడ చదువుకున్న ఆదివాసీ పిల్లలు ఉన్నారు. ఎవరు కట్టినా బడి బడే. అయితే 2011 జనాభా లెక్కల్లో దంతెవాడ జిల్లా అక్షరాస్యత 42 శాతం చిల్లర. అప్పటికి అక్కడి నుంచి ఖనిజం పోవడం మొదలై 43 ఏళ్లు. రెండు తరాల పిల్లలు బడి ముఖం చూడకుండా పెద్దవాళ్లయ్యాక మూడో తరానికి కట్టిన బడి అది. దిద్దుబాటు ఖనిజాన్ని అందుకోదని నేనన్నది ఇందుకే.

4

పని గురించీ నీళ్ల గురించీ మాట్లాడకుండా ఈ లెక్క పూర్తి కాదు.

మొదటి రోజుల్లో కొండవాలు మీద విడిగా రాలి ఉన్న ఖనిజాన్ని, ఫ్లోట్ ఓర్ అంటారు, మనుషులు చేత్తో ఏరి, సుత్తితో పగలగొట్టి, కుప్ప పోసేవారు. కాంట్రాక్టు కూలీలు వేలల్లో ఉండేవారు. స్థానికులు కొందరు, ఒడిశా నుంచి, మన వైపు నుంచి వలస వచ్చినవాళ్లు కొందరు. 1977లో ఐదో నంబరు గని పూర్తిగా యంత్రాలతో మొదలైంది. చేతిపని అక్కర్లేకపోయింది. తీసేసిన కూలీల ఆందోళన మీద 1978 ఏప్రిల్ 5న కిరండోల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు చనిపోయారు, గుడిసెలు తగలబడ్డాయి. ‘గని వస్తే ఉద్యోగాలొస్తాయి’ అనే మాట విన్నప్పుడల్లా మనం ఆ తేదీ గుర్తు తెచ్చుకోవాలి. గని పెరిగే కొద్దీ టన్నుకు పట్టే చేతులు తగ్గుతాయి. షావెల్ నడిపేవాడికి, డంపర్ నడిపేవాడికి చదువు కావాలి, శిక్షణ కావాలి. కొండ కింద బడి లేనప్పుడు ఆ ఉద్యోగం బడి ఉన్న ఊరివాడికే వెళుతుంది. కిరండోల్, బచేలి టౌన్‌షిప్పుల్లో తెలుగు మాట అంతగా వినబడటానికి కారణం అదే. మనవాళ్లు కష్టపడి చదివి, కష్టపడి పనిచేశారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ముందుగా ఆలోచించాల్సినవాళ్లు ఆలోచించలేదు.

ఇక నీళ్లు. బెంచీ మీద పేల్చిన రాయి క్రషర్‌లో పడుతుంది. పగిలిన రాయిని జల్లెడ పట్టి గడ్డ ఒకవైపు, పొడి ఒకవైపు వేరు చేస్తారు. జల్లెడ మీద నీళ్లు చిమ్ముతారు, మట్టి కడిగిపోవాలి కదా. ఆ కడుగునీళ్లతో పోయేది అత్యంత సన్నటి ఎర్రటి ఒండ్రు. మొదటి దశాబ్దాల్లో గిరాకీ గడ్డ ఖనిజానికే ఎక్కువ. పొడి కొండవాలు మీద పేరుకుంది, వానకు జారింది. టెయిలింగ్ డ్యాములు కట్టారు, కొంత ఆగింది. ఆగనిది శంఖినీ నదిలోకి దిగింది. దంతెవాడలో దంతేశ్వరీ అమ్మవారి గుడి శంఖినీ, డంకినీ నదులు కలిసేచోట ఉంటుంది. వానాకాలంలో శంఖినీ ఎర్రగా వస్తుందని అక్కడ చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. ఆ నీరు పొలంలో నిలిచి ఇంకితే అడుగున మిగిలేది సారవంతమైన గోదావరి ఒండ్రు లాంటిది కాదు. ఇనుప పొడి. ఎండితే పైన పెంకు కడుతుంది, నాగలికి లొంగదు, విత్తనం మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. కాలవ గట్టు పక్క పొలం పోగొట్టుకున్న రైతు నష్టం ఏ రాయల్టీ లెక్కలోనూ ఖర్చు కింద పడలేదు. ఆ ఖర్చును టన్ను ధరలో మొదటి రోజునే కలిపి ఉంటే కడుగునీటిని ఆపే ఏర్పాటు కూడా మొదటి రోజునే వచ్చేది.

5

మూడోది ఒప్పుకోలు. ఇందులో మన రాష్ట్రం పాత్ర గర్వపడదగ్గది. కె.కె. లైను మీదే, మనం సెలవుల్లో చూడటానికి వెళ్లే బొర్రా గుహల పక్కన, అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో ప్రైవేటు గనులకు లీజులిచ్చారు. ‘సమత’ అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. 1997 జులైలో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు సమత తీర్పుగా ప్రసిద్ధం. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదంది. ప్రభుత్వ సంస్థలో గిరిజన సహకార సంఘాలో తవ్వవచ్చంది. తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలంది. రైలు దారి ఒకటే. కానీ ఆ తీర్పు ఆధారపడింది మన 1959 నాటి భూబదలాయింపు నిబంధన మీద. అందుకని రైలు పట్టా రాష్ట్ర సరిహద్దు దాటగానే ఆ రక్షణ ఆగిపోతుంది. బొర్రా గిరిజనుడికి ఉన్న హక్కు కిరండోల్ గోండుకు లేదు. న్యాయశాస్త్రం చదివేవాళ్లు దీని మీద పనిచేయాలని కోరుకుంటున్నాను.

ఒప్పుకోలు లేకుండా ముందుకు పోతే ఏమవుతుందో బస్తర్‌లోనే రెండు ఉదాహరణలున్నాయి. ఒకటి లోహండిగూడ. 2005లో ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరింది. గ్రామసభల్లో వ్యతిరేకత వచ్చినా పది గ్రామాల భూమిని 2008లో సేకరించారు. కర్మాగారం రాలేదు. 2016లో కంపెనీ తప్పుకుంది. 2019లో ప్రభుత్వం ఆ భూమిని రైతులకు తిరిగి ఇచ్చింది. పదకొండేళ్లు ఆ భూమి కాగితం మీద రైతుది కాదు, నేల మీద కంపెనీది కాదు. రెండోది పదమూడో నంబరు నిక్షేపం. అది నందిరాజ్ కొండ, చుట్టుపక్కల గూడేల దేవుడు ఉండే చోటు. దాని తవ్వకపు కాంట్రాక్టు ఒక ప్రైవేటు సంస్థకు దక్కిందని తెలిసి 2019 జూన్‌లో వేలమంది ఆదివాసులు బియ్యం, గిన్నెలు, విల్లంబులతో నడిచి వచ్చి కిరండోల్‌లో గని ఆఫీసు ముందు కూర్చున్నారు. హిరోలి గ్రామసభ ఒప్పుకున్నట్టు చూపిన 2014 తీర్మానం బూటకమన్నది వాళ్ల ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించింది. అప్పటికి అటవీ అనుమతి వచ్చేసింది, కాంట్రాక్టు అయిపోయింది. గ్రామాన్ని మాత్రం నిజంగా అడిగారో లేదో అప్పటికి ఎవరూ తేల్చలేదు.

6

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వస్తాను. వీటిని తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే చెప్పేవాళ్లలో నిజాయితీపరులు చాలామంది.

‘1957లో దేశానికి డాలర్లు లేవు, వేరే గతి లేదు’ అంటారు. ఒప్పుకుంటాను. ఆ ఖనిజం అమ్మడం తప్పు కాదు. కానీ డాలర్ల కరువు మనచేత ఎగుమతి చేయించింది సరే, రాయల్టీని రూపాయల్లో బిగించమనలేదు, పట్టా మీద రెండో పాసింజరు వద్దనలేదు. కరువు తీరిపోయిన 1990ల తర్వాత కూడా అవి అలాగే ఉన్నాయంటే కారణం వేరే వెతకాలి. ఆ నిర్ణయాలను మార్చమని గట్టిగా అడిగే స్థానం ఆ జిల్లాకు ఎన్నడూ ఇవ్వలేదు.

‘ఎన్‌ఎండీసీ ప్రభుత్వ సంస్థ, లాభం దేశానిదే కదా’ అన్నది రెండోది. ప్రైవేటు చేతిలో కంటే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండటమే మేలని నేనూ నమ్ముతాను. శంకరన్ గారు జాతీయీకరణ రోజుల్లో పనిచేసింది ఆ నమ్మకంతోనే. కానీ యజమాని ఎవరన్నదీ వాటా ఎవరికన్నదీ వేరువేరు ప్రశ్నలు. సమత తీర్పు ప్రభుత్వ సంస్థలను అనుమతిస్తూనే 20 శాతం షరతు పెట్టింది అందుకే. మనమూ ఇక్కడ మన వైపు చూసుకోవాలి. 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న విశాఖ ఉక్కుకు సొంత ఇనుప గని లేదు. గని కావాలని అడుగుతున్నాం, ఆ కోరిక న్యాయమైనది. బయ్యారం కర్మాగారానికి బైలాడిలా ఖనిజం తెప్పించమని తెలంగాణ అడిగింది. ఛత్తీస్‌గఢ్ మా నగర్నార్‌కు కావాలంటుంది. 2023లో అక్కడ ఉక్కు కర్మాగారం మొదలైంది కూడా. ఒకే కొండ మీద ఇన్ని న్యాయమైన కోరికలున్నాయి. అన్నీ కొండకు దూరంగా ఉన్నవాళ్ల నుంచి వచ్చినవే. కొండ కింద ఉండేవాళ్ల షరతులు ముందు రాసుకుని, మిగిలిందాన్ని మనం పంచుకుందామని అనగలగాలి. విశాఖ కార్మికుడికి ఆ మాట అర్థం కాదని నేను అనుకోను. సొంత ఊరి పరిశ్రమ మీద హక్కు కోసం పోరాడటం అంటే ఏమిటో తెలిసినవాడు అతను.

‘ఇలా షరతులు పెడితే పెట్టుబడి పారిపోతుంది, ఆలస్యమవుతుంది’ అన్నది అన్నింటికన్నా బలంగా వినిపించే మాట. పైన చెప్పిన రెండు ఉదాహరణలే దీనికి జవాబు. లోహండిగూడలో పదకొండేళ్లు పోయింది గ్రామాన్ని అడిగినందుకు కాదు. పదమూడో నంబరు ఆగింది షరతులు ఎక్కువై కాదు. రెండుచోట్లా తొందరే ఆలస్యానికి కారణం. పిల్బరా చూపించి ‘అక్కడ చకచకా అయ్యాయి’ అనేవాళ్లకు 2020 మే నెల గుర్తు చేయాలి. 46 వేల ఏళ్లనాటి మానవ నివాస చిహ్నాలున్న జూకన్ గార్జ్ గుహలను చట్టబద్ధమైన అనుమతితోనే రియో టింటో పేల్చేసింది, దాంతో ఆ కంపెనీ అధిపతి పదవి పోయింది. ధర మీద వాటా రాసుకున్న ప్రభుత్వం కూడా అక్కడి మూలవాసుల మాట రాసుకోలేదు. మూడింటిలో ఒకటి సరిగ్గా ఉంటే చాలదు.

చివరిది హింస. ‘తుపాకుల మధ్య గ్రామసభ ఏమిటి?’ అంటారు. మావోయిస్టులు 2006 ఫిబ్రవరిలో హిరోలి పేలుడు మందుల గిడ్డంగి మీద దాడి చేసి భద్రతా సిబ్బందిని చంపారు, స్లర్రీ గొట్టాన్ని పేల్చారు, రైళ్లను పట్టాలు తప్పించారు. దాన్ని సమర్థించే మాట నా నోట రాదు. కానీ ఇటీవలి ఏళ్లలో అక్కడ సాయుధ పోరు బాగా వెనక్కి తగ్గిందని ప్రభుత్వమే చెబుతోంది. అలాంటప్పుడు ఆ వంక కూడా పోయినట్టే. ఇప్పుడు రెండు తుపాకులూ పక్కన పెట్టి గ్రామాన్ని అడిగే వీలుంది. క్యాంపు కాపలాలో సంతకం పెట్టించుకుంటే మాత్రం 2014 తీర్మానం లాంటిదే మళ్లీ తయారవుతుంది.

7

పాత గనుల విషయంలో చేయగలిగింది కొంతే. తవ్విన ఖనిజం తిరిగి రాదు. చేయగలిగిన కొంత కూడా వెంటనే చేయాలి. ఖనిజ నిధి ఖర్చును కలెక్టరు ఛాంబరులో కాకుండా గని ప్రభావిత గ్రామసభల్లో నిర్ణయించాలి. 2024లో సవరించిన మార్గదర్శకాలు గని మూతపడ్డాక బతుకుతెరువు కోసం పది శాతం దాకా దాచిపెట్టే వీలు కల్పించాయి. ఆ పది శాతాన్ని వీలుగా వదిలేయకుండా తప్పనిసరి చేయాలి. ఎర్రనీటితో చెడిన పొలాల జాబితా సర్వే నంబర్ల వారీగా తయారుచేసి ఆ రైతులకు పరిహారం మొదటి పద్దుగా ఇవ్వాలి. కె.కె. లైను రెండో పట్టా పని జరుగుతోంది. దానివల్ల పెరిగే రద్దీలో పాసింజరు బండ్లకూ, అటవీ ఉత్పత్తుల వ్యాగన్లకూ ఇంత అని రైల్వే ముందే రాసివ్వాలి. రావ్‌ఘాట్ నుంచి జగదల్‌పూర్ లైను పూర్తయ్యేదాకా ఖనిజ రద్దీ పెంచబోమని చెప్పగలిగితే ఆ లైను దానంతటదే త్వరగా పూర్తవుతుంది.

ఇంకా తవ్వని నిక్షేపాల సంగతి వేరు. అక్కడ అన్నీ ముందే తేల్చుకోవచ్చు. పదమూడో నంబరుతోనే మొదలుపెట్టమని నా విన్నపం. హిరోలిలోనూ, ఆ కొండను దేవుడిగా కొలిచే చుట్టుపక్కల గూడేలన్నిటిలోనూ గ్రామసభ మళ్లీ జరపాలి, ఒడిశాలో నియమగిరి కోసం 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామాల్లో జరిపినట్టు, జిల్లా న్యాయమూర్తి ఎదుట. ఎంత తవ్వుతారో, ఎన్నేళ్లో, నీళ్లు ఎటు పోతాయో, వాటా ఎంతో గోండీలో చెప్పాలి. వచ్చినవాళ్ల పేర్లు పంచాయతీ గోడ మీద అంటించాలి, రాని మనిషి వేలిముద్ర కాగితం మీద ఉంటే వెంటనే బయటపడుతుంది. సరేనంటే ఆ షరతులనే లీజు పత్రంలో రాయాలి. వద్దంటే లీజు రద్దు చేయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, అటవీ హక్కుల చట్టం 2006 నుంచి మన దగ్గరే ఉంది.